గీజరు కన్నా ముందు తవ్విన గుంత

డిసెంబరు నెలలో ఒకరోజు పొద్దున్నే మా నాయన బాత్రూములో పడిపోయాడు. మా ఆయన బస్సు డ్రైవరు. ఆ రోజు మొదటి ట్రిప్పు ఆయనదే కాబట్టి అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. ఏదో బరువైనది తలుపుకు తగిలిన చప్పుడు, దాని వెనకే స్టీలు బకెట్టు దొర్లిన చప్పుడు వినపడ్డాయి.

పరుగెత్తాను. గడప దగ్గర నీళ్లు బయటికి వస్తున్నాయి. వాటిలో కాలు పెట్టబోయి, ఎందుకో ఆగి, ముందు గోడ మీద స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేశాను. ఆ ఒక్క క్షణం ఆగకపోతే ఇది రాయడానికి నేను ఉండేదాన్నో లేదో తెలియదు. తలుపు తోసి చూస్తే నాయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నీళ్లు కాచే రాడ్డు ఆయన కాళ్ల దగ్గర పడి ఉంది.

"వేడైనాయో లేదో అని నీళ్లల్లో వేళ్లు పెట్టినా పాపా. అంతే," అన్నాడు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. ఈసీజీ తీశారు. గుండెకు ఏమీ కాలేదు, రెండు వేళ్లు మాత్రం కాలాయి. కట్టు కడుతూ డాక్టరు, "స్విచ్చి ఆపకుండా వేళ్లు పెట్టొద్దని పెద్దాయనకు చెప్పాలమ్మా," అన్నాడు. ఆ మాట నేను ఇరవైసార్లు చెప్పి ఉంటాను. కానీ చెబితే పోయే అలవాటు కాదది.

మా నాయన పలకల గనిలో పనిచేసినవాడు. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమల్లో, చెవుల్లో, మెడ ముడతల్లో బూడిదరంగు దుమ్ము ఉండేది. అప్పటి మా ఇంటి పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, దాని మీద మసిపట్టిన పెద్ద కాగు. అమ్మ కందికట్టె ఎగదోసి నీళ్లు కాచేది. నాయన వచ్చి, చొక్కా విప్పి, బకెట్లో రెండు వేళ్లు ముంచి, "ఇంకొక చెంబు చన్నీళ్లు పొయ్యి," అనేవాడు. అమ్మ పోసేది. బతుకంతా నీళ్లను వేళ్లతోనే చూసినవాడికి, నీళ్లలో కరెంటు ఉంటుందని మతికి ఉండదు.

అమ్మ పోయాక నాయన మా దగ్గరికి వచ్చాడు. మార్కాపురంలో మేము కట్టుకున్న ఇంటికి పెరడు లేదు. వాకిట్లో పొయ్యి పెడితే పొగంతా పక్కింటి కిటికీలోకి పోతుంది. అందుకని బజారులో ఒక రాడ్డు కొన్నాను. దాంతో వేడినీళ్ల ఇబ్బంది తీరిందనుకున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు నేను గ్యాసు పొయ్యి మీద గిన్నె పెట్టి నీళ్లు కాచాను. నాయన ఆ గిన్నె వంక చూశాడు.

"ఆ మసిలే నీళ్లు పట్టుకొని నువ్వు వంటింట్లోంచి బాత్రూము దాకా నడుస్తావా? రేపు నువ్వు కాళ్ల మీద పోసుకుంటే ఎవురు చూస్తారు? నాకేం వద్దు. చన్నీళ్లే పోసుకుంటా."

"ఈ చలిలోనా నాయనా?"

"గనిలో వానలో తడవలేదా? ఇదెంత."

పోసుకున్నాడు. ఒక్కొక్క చెంబుకూ "ప్రభువా" అని గట్టిగా పిలవడం నాకు వంటింట్లోకి వినపడుతూనే ఉంది. నాలుగో రోజుకు మోకాళ్లు వాచాయి. చర్చిలో పాటకు అందరూ లేచి నిలబడితే ఆయన కూర్చునే ఉండిపోయాడు. నేను పాట ఆపి ఆయన మోకాళ్ల వంక చూస్తూ నిలబడ్డాను. ఈ ఇంట్లో ఎవరికీ షాక్ కొట్టకుండా, ఎవరూ మసిలే గిన్నెలు మొయ్యకుండా ఆయనకు వేడినీళ్లు పోయించాలి. ఎట్లా అన్నది నాకు తెలియదు. తెలుసుకోవాలి అనుకున్నాను.

నేను పెద్దారవీడు మండలంలోని ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. సంధులు విడదీయమంటే నిద్రలో కూడా విడదీస్తాను గానీ ఆంపియరు అంటే ఏమిటో ఆ రోజు వరకు పట్టించుకున్నది లేదు. పిల్లల నోటుపుస్తకం ఒకటి తీసుకుని, శనివారం సాయంత్రం బజారులో ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్లాను.

"సార్‌ను తీసుకొని రాండి మేడమ్, అన్నీ వివరంగా చెప్తా," అన్నాడు దుకాణాయన.

"సార్ బస్సు నడుపుతాడు. నీళ్లు కాచేది నేను. నాకే చెప్పు అన్నా."

నేను స్టూలు లాక్కుని కూర్చుని పుస్తకం తెరిచేసరికి ఆయనకు తప్పలేదు. ముందు చిన్న గీజరు చూపించాడు. అందులో రెండు మూడు లీటర్లే పడతాయి. నీళ్లు లోపలికి పోతూ ఉండగానే కాగి బయటికి వస్తాయి. "స్విచ్చి వేస్తే చాలు, ఉడుకునీళ్లు," అన్నాడు. మరి అంత తొందరగా కాగాలంటే కరెంటు ఎక్కువ లాగదా అని అడిగాను. లాగుతుందన్నాడు. మా వీధిలో పొద్దున పూట అందరూ మోటార్లు వేస్తే ఫ్యాను కూడా నీరసంగా తిరుగుతుంది. అప్పుడు ఈ చిన్నదాని నుంచి గోరువెచ్చటి నీళ్లే వస్తాయని ఆయన నోటితోనే చెప్పించాను.

గ్యాసుతో పనిచేసేది అడిగాను. "మీ బాత్రూముకు కిటికీ ఉందా?" అన్నాడు. పైన చెయ్యి పట్టేంత సందు ఉందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మూసిన గదిలో గ్యాసు మండితే విషగాలి పేరుకుంటుందట, దానికి వాసన కూడా ఉండదట. బయట గోడకు బిగిస్తేనే అది మంచిదట. మాకు బయట గోడ అంటే పక్కింటివాళ్ల గోడే. ఆ మాట అమ్మకం పోయినా సరే చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

సోలారు సంగతి మా వెనక వీధిలో మిద్దె మీద పెట్టించుకున్నవాళ్లింటికి వెళ్లి చూశాను. వరసగా గాజు గొట్టాలు, పైన ఒక డ్రమ్ము. పగలంతా ఎండకు కాగిన నీళ్లు మర్నాడు పొద్దుటికీ వేడిగానే ఉంటాయి. చూడగానే ఇదే కావాలనిపించింది. కానీ ఆ ఇంటావిడ నన్ను గొట్టాల దగ్గరికి తీసుకుపోయి, "ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకు ఖాళీ అయిందక్కా. గొట్టాలు ఉత్తగనే కాలినాయి. టాంకరు రాంగనే నీళ్లు వదిలితే రెండు పటపటమని పగిలినాయి," అంది. పైగా నీళ్ల ట్యాంకు ఆ డ్రమ్ము కన్నా ఎత్తులో ఉండాలట. మా ట్యాంకు మిద్దె మీద నేల మీదే కూర్చుని ఉంది. దాన్ని ఎత్తించే స్తోమత ఆ ఏడాది మాకు లేదు. పుస్తకంలో సోలారు ఎదురుగా "తర్వాత" అని రాసుకున్నాను.

ఇక మిగిలింది పదిహేను లీటర్ల గీజరు. నీళ్లను నిలవ ఉంచి మెల్లగా కాస్తుంది, కాగాక దానంతటదే ఆగిపోతుంది. లోపలి నీళ్లు మరీ కాగి ఆవిరి ఎక్కువైతే వదిలేసే చిన్న మూత కూడా ఉంటుంది. సరే, ఇదే అన్నాను. అయితే కొనేముందు ఇంటి వైరింగు చూపించుకోమన్నాడు దుకాణాయన.

మా వీధిలో చాలా ఇళ్లకు వైరింగు చేసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. మా ఇంటికీ ఆయనే చేశాడు. వచ్చి బాత్రూము పక్క ప్లగ్గు చూసి, లావుపాటి వైరు కొత్తగా లాగాలన్నాడు.

"అన్నా, ఈ ప్లగ్గుకు మూడు బొక్కలు ఉన్నాయి గదా. పైన పెద్దది దేనికి?"

"అది ఎర్తు."

"దాంట్లోంచి వైరు ఎక్కడికి పోతుంది?"

"యాడికీ పోదు టీచరమ్మా. ఈ వీధిలో ఎవురికీ లేదు. అది ఉత్తదే."

దుకాణాయన ఆ మూడో దాని గురించి చెప్పి ఉన్నాడు. ఇనుములోకి కరెంటు దిగితే దాన్ని మనిషిలోంచి కాకుండా భూమిలోకి తీసుకుపోయే దారి అది. మా ఇంట్లో ఆ దారే లేదు. ఇన్నేళ్లుగా మేము మూడు కాళ్ల ప్లగ్గులు గుచ్చుతూ భద్రంగా ఉన్నామనుకున్నాం.

"చూపించు," అన్నాను.

ఆయన సంచిలోంచి రెండు వైర్లు వేలాడుతున్న బల్బు హోల్డరు తీశాడు. ఒక వైరు కరెంటు వచ్చే బొక్కలో, రెండోది ఎర్తు బొక్కలో పెట్టాడు. బల్బు వెలగలేదు. కరెంటుకు భూమిలోకి దారి ఉంటే అది వెలగాలి.

"అయితే ముందు ఎర్తు. తర్వాతే గీజరు," అన్నాను.

"రాయి నేల టీచరమ్మా. గుంత తవ్వేది మాటలు కాదు. అందరూ ఇట్లనే వాడుకుంటున్నారు గదా!"

"మా నాయన గుడ అట్లనే వాడుకున్నాడు. నువ్వు మనుషుల్ని పిలువు అన్నా."

ఇద్దరు కూలీలు వచ్చారు. వాకిట్లో గేటు పక్కన మొదలుపెట్టారు. మోకాలి లోతుకు పోయేసరికి గడ్డపార ఖంగుమంది. పక్కకు జరిగారు. అక్కడా రాయే. మధ్యాహ్నానికి పళ్లెమంత వెడల్పు గుంతలు రెండు, కూలీల చేతుల నిండా బొబ్బలు మిగిలాయి. ఎలక్ట్రీషియను నా వంక, నేను చెప్పలేదా అన్నట్టు చూశాడు.

నాయన పొద్దుటి నుంచి అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఈ పని ఆయనకు ఇష్టం లేదు, తన కోసం ఇంత రభస ఎందుకని. అయినా ఆ చప్పుడు విని ఉండలేకపోయాడు. గోడ పట్టుకుని లేచి వచ్చాడు. గుంతలోంచి తీసిన రాతిముక్క ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత గడ్డపార అడిగి తీసుకుని, దాని మొనతో వాకిట్లో అక్కడా ఇక్కడా కొడుతూ, చెవి ఒగ్గి వింటూ మెల్లగా నడిచాడు. మెట్ల కింద ఆగాడు.

"ఈడ తవ్వు."

"అదీ ఇదీ ఒకటే గదా తాతా," అన్నాడు కూలీ.

"ఒకటి గాదు. ఆ పక్క పొర పండుకొని ఉంది, ఎంత కొట్టినా ఖంగంటది. ఈడ పొర నిలబడుకొని ఉంది. సందులో మొన పెట్టి ఎగదియ్యి, పెచ్చులు పెచ్చులుగా వస్తది."

అట్లాగే వచ్చింది. సాయంత్రానికి గుంత నడుములోతు దాటింది, మర్నాటికి మనిషి లోతు అయింది. అడుగున చెమ్మ తగిలింది. ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, నీళ్లు పోసి పూడ్చారు. అక్కడి నుంచి బోర్డు దాకా వైరు లాగారు. ఎలక్ట్రీషియను మళ్లీ అవే రెండు బొక్కల్లో బల్బు వైర్లు పెట్టాడు. బల్బు భగ్గున వెలిగింది. నాయన దాని వంక తలెత్తి చూసి, పోయి అరుగు మీద కూర్చున్నాడు. షాక్ తగిలితే కరెంటును వెంటనే తెంపేసే స్విచ్చి కూడా బోర్డులో పెట్టించాను. దాని మీద పరీక్ష బొత్తాం ఉంటుంది. నొక్కితే టక్కుమని పడిపోవాలి. నెలకొకసారి నేనే నొక్కుతాను.

గీజరు బిగించిన రోజు నాయన బాత్రూము లోపలికి రాలేదు. బకెట్టు నిండింది, ఆవిరి వస్తోంది. ఆయన గడప దగ్గరే నిలబడి కాలిన వేళ్లను ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. ఆయనకు భయం వేస్తోందని అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఇన్నాళ్లూ అది మొండితనం అనుకున్నాను.

నేను స్విచ్చి ఆపకుండానే పంపు కింద నా చెయ్యి పెట్టాను. కాసేపు అట్లాగే ఉంచాను.

"ఏం లేదు నాయనా. రా."

"స్విచ్చి ఆపు పాపా."

"ఆపుతాను. ఎప్పుడూ ఆపే పోసుకోవాలి. కానీ ఒకసారి నువ్వు చూడాలని పెట్టినా."

ఆపాను. ఆయన వచ్చి, చాలాసేపు బకెట్టు వంక చూసి, రెండు వేళ్లూ ముంచాడు. "ఇంకొక చెంబు చన్నీళ్లు," అన్నాడు. నేను పోసి బయటికి వచ్చి తలుపు వేశాను. ఆ పూట లోపలి నుంచి "ప్రభువా" అని వినపడలేదు. చెంబు చప్పుడే వినపడింది. వాకిట్లో నిలబడి కాసేపు ఏడ్చాను.

కథ అక్కడితో అయిపోలేదు. ఏడాది తిరగకముందే నీళ్లు కాగడానికి రెట్టింపు సమయం పట్టసాగింది. లోపల ఏదో టపటపమని పేలుతున్న చప్పుడు. ఒక మెకానిక్కును పిలిస్తే విప్పకుండానే, "మన బోరు నీళ్లకు ఇంతే మేడమ్, కొత్తది తీసుకోండి," అన్నాడు. కారణం చూపించకుండా కొత్తది తీసుకోమనే మాట నాకు నచ్చలేదు. మన ఎలక్ట్రీషియను అన్నను పిలిచి, కరెంటు ఆపి, నీళ్లన్నీ వంచి, విప్పమన్నాను.

నీళ్లను వేడి చేసే కాయిలు బయటికి వచ్చింది. వేలంత ఉండాల్సినది మణికట్టంత ఉంది. చుట్టూ తెల్లగా రాయి పేరుకుంది. దాని పక్కనే తుప్పును తన మీదికి తీసుకుని ట్యాంకును కాపాడే కడ్డీ ఒకటి ఉంటుంది. అది కరిగిపోయి సన్నటి తీగలా మిగిలింది. మనం బట్టలు ఉతికితే సబ్బు నురగ రానివ్వని నీళ్లు ఇవే. కాగినప్పుడల్లా తమలోని సున్నాన్ని ఆ కాయిలు మీద వదిలిపెట్టి పోయాయి. వేడి ముందు ఆ రాయిని దాటి నీళ్లలోకి రావాలి. ఆలస్యం అందుకే.

అన్న స్క్రూడ్రైవరుతో పొడవబోయాడు. నాయన అరిచాడు.

"ఆగు! లోపల రాగి ఉంది, బొక్క పడతది. నా పెట్టె తీసుకురా పాపా."

ఆయన పెట్టెలో గని రోజుల సన్నటి ఉలి, చిన్న సుత్తి ఉన్నాయి. పలక రాయిని పొరలుగా చీల్చినవాడి చెయ్యి అది. కాయిలును గోనెసంచి మీద పెట్టి, ఉలిని అడ్డంగా ఆనించి, సుత్తితో తట్టీ తట్టనట్టు తట్టాడు. వెంట్రుకంత చీలిక వచ్చింది. ఇంకో తట్టు. తెల్లటి రాయి గుడ్డు పెంకులా ఊడి వచ్చింది. మిగిలిన పొడిని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి కడిగాం. కొత్త కడ్డీ, కొత్త వాషరు వేసి బిగించాం. ఆ రోజు నీళ్లు కొన్న రోజు కాగినంత తొందరగా కాగాయి. అప్పటి నుంచి గీజరుకు బోరు నీళ్లు పోనివ్వడం లేదు. మున్సిపాలిటీ కొళాయి వచ్చిన రోజు మిద్దె మీద ఒక చిన్న ట్యాంకు నింపి, ఆ నీళ్లే వదులుతున్నాం. ఆరు నెలలకొకసారి విప్పి చూస్తాం.

ఈ సంగతి వీధిలో పాకింది. ఒకరోజు రెండిళ్ల అవతల అద్దెకుంటున్న ఆటో డ్రైవరు భార్య వచ్చింది. నెల తిరగని బాలింత.

"టీచరక్కా, రాడ్డు వేసినప్పుడు పంపు ముట్టుకుంటే జివ్వుమంటాంది. పాపకు నీళ్లు పోసేది దాంతోనే."

ఆ పూటే అన్నను తీసుకుని వెళ్లాను. బల్బు వెలగలేదు. రాడ్డు నేను ఇంటికి తెచ్చేసుకుని, మా గీజరు నీళ్లు బకెట్లతో పంపిస్తూ వచ్చాను. ఇంటి ఓనరు రాచర్ల దగ్గర ఉంటాడు. ఫోను చేస్తే, "ఇన్నేండ్లు ఎవురికీ ఏం కాలేదు," అని పెట్టేశాడు. సెలవు రోజు చూసుకుని గిద్దలూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరు చేరాను. ఆయన దొడ్లో గొర్రెలకు నీళ్లు పెడుతున్నాడు.

"పెదనాయనా, మీ ఇంట్లో ఎర్తు లేదు. గుంత తవ్వించాలి."

"అంత దూరం నుంచి దీనికి వచ్చినావా తల్లీ? వాళ్లకు భయమైతే వేరే ఇల్లు చూసుకోమను."

"వాళ్లు పోతే ఇంకొకరు వస్తారు. వాళ్లింట్లోనూ పసిబిడ్డలు ఉంటారు. నువ్వు ఊ అను. మనుషుల్ని పెట్టేది, నిలబడి చేయించేది నేను చూసుకుంటా."

"నాది నేను చేయించుకోలేనా ఏంది?" అన్నాడు కోపంగా.

"చేయించు మరి. ఎప్పుడు?"

లోపలి నుంచి ఆయన భార్య మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టి, ఆయన వంక తిరిగింది. "బాలింత నీళ్లు పోసుకునే కాడ కరెంటు కొడ్తాందంట. మన బిడ్డయితే ఇట్లనే నిలబడుకొని మాట్లాడతావా?"

ఆయన గొర్రెల వంకే చూస్తూ, "బేస్తవారం వస్తా," అన్నాడు.

వచ్చాడు. గుంత తవ్వేంతసేపూ అక్కడే నిలబడ్డాడు. బల్బు వెలిగినప్పుడు చిన్నపిల్లవాడిలా, ఇంకొకసారి పెట్టమని అడిగాడు. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"తల్లీ, మా ఇంట్లో నీళ్లు కట్టెల పొయ్యి మీదే. కానీ ఫ్రిజ్జు ఉంది, రుబ్బే మిషను ఉంది. వాటికి గుడ ఇది ఉండాల్నా?"

"ఉండాల పెదనాయనా. ఆదివారం చర్చి అయినాక వస్తాం."

అన్నతో కలిసి వెళ్లాను. చిత్రంగా ఆ ఇంటికి ఎర్తు గుంత ముందే ఉంది. కట్టినప్పుడు ఎవరో తవ్వించారు, వైరు కూడా గోడలోంచి బోర్డు దాకా వచ్చింది. దాన్ని ప్లగ్గులకు కలపడం మాత్రం మర్చిపోయి, చుట్ట చుట్టి లోపలికి తోసేశారు. అన్న బోర్డు విప్పి, చివర గీకి, కలిపి బిగించాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, బల్బు వెలిగింది.